వేడెక్కాక ఐడిల్ నిలబడట్లేదు, బండి ఆగిపోతోంది – ఐడిల్ మోటరేనా? (షెవర్లే స్పార్క్ పెట్రోల్, 2010)

ఖమ్మం_స్పార్క్ (ఖమ్మం)

అందరికీ నమస్తే. మాది 2010 స్పార్క్, పెట్రోల్. నాన్నగారు కొన్న బండి, ఇంట్లో ఇప్పటికీ అదే ఆధారం. అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లేది కూడా దీంట్లోనే. అందుకే దారి మధ్యలో ఆగిపోతుంటే చాలా ఇబ్బందిగా ఉంది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే పట్టుకుంటుంది, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం) బాగుంటుంది. కాసేపు తిరిగి ఇంజన్ వేడెక్కిందా, ఇక మొదలు. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయగానే ఆర్పీఎం దిగిపోయి, ఒక వణుకు వణికి ఆగిపోతుంది. ఏసీ వేసి ఉంటే ఖాయంగా ఆగుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి ఉంచితే ఆగదు. రన్నింగులో ఏ లోపమూ లేదు, పికప్ బాగుంది, మైలేజీ కూడా పెద్దగా తగ్గలేదు.

చెక్ ఇంజన్ లైటు అప్పుడప్పుడు వచ్చి పోతోంది. దగ్గర్లో ఒక మెకానిక్‌కి చూపిస్తే ఏదో స్క్రూ తిప్పి ఐడిల్ పెంచి ఇచ్చాడు. నాలుగు రోజులు బాగుంది, మళ్లీ అదే కథ. ఇప్పుడు ఐడిల్ మోటరు మార్చాలంటున్నాడు. మార్చెయ్యమంటారా, ముందు ఏమైనా చూసుకోవాలా?

వాసు_వరంగల్ (హన్మకొండ)

బ్రో, ముందు థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వదిలే భాగం) క్లీన్ చేయించు. మా వాగన్ఆర్‌కి సేమ్ ఇదే ప్రాబ్లం. థ్రాటిల్ ప్లేటు అంచు చుట్టూ, ఐడిల్ గాలి పోయే చిన్న దారిలో నల్లగా జిగురులాగా మసి పేరుకుపోయింది. క్లీనర్ కొట్టి తుడిస్తే సెట్ అయింది. మోటరు కొనకుండానే పని అయిపోయింది.

నెల్లూరు_శాంట్రో (నెల్లూరు)

బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఒక పావుగంట తీసి పెట్టి చూడండి. బండి కంప్యూటర్ పాత లెక్కలు మర్చిపోయి ఐడిల్ మళ్లీ నేర్చుకుంటుంది. ఖర్చు లేని పని కదా.

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)

ఖమ్మం తమ్ముడూ, తొందరపడి ఏదీ కొనకు. ఆ స్క్రూ తిప్పినాయన బండికి మేలు చేయలేదు. అది ఐడిల్ స్క్రూ కాదు, థ్రాటిల్ ప్లేటు ఎంతవరకు మూసుకోవాలో నిలిపే స్టాపర్ స్క్రూ. ఫ్యాక్టరీలో సెట్ చేసి తల మీద పెయింటు చుక్క పెడతారు. కార్బురేటర్ బండ్ల రోజుల్లో స్క్రూ తిప్పి ఐడిల్ పెంచే అలవాటు ఉండేది, అది ఇంకా పోలేదు.

అసలు లెక్క చెప్తా. కాలు తీసేస్తే థ్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు ఇంజన్‌కి గాలి ప్లేటు పక్కనున్న సన్నని దారిలోంచి పోతుంది. ఆ దారికి అడ్డంగా కోన్ లాంటి మొన ఒకటి ఉంటుంది. దాన్ని ముందుకీ వెనక్కీ జరిపేదే ఐడిల్ మోటరు. మొన బయటికి పొడుచుకొస్తే దారి మూత పడి ఐడిల్ తగ్గుతుంది, లోపలికి పోతే దారి తెరుచుకుని ఐడిల్ పెరుగుతుంది. ఇది స్టెప్పర్ మోటరు, అడుగులు లెక్కపెట్టుకుంటూ కదులుతుంది. ఏసీ వేసినా, రేడియేటర్ ఫ్యాను తిరిగినా, హెడ్‌లైట్లు వేసినా ఆ బరువుకి సరిపడా నాలుగడుగులు వెనక్కి వేసి గాలి పెంచాలి. నీ బండి ఆ పని వేడెక్కాక చేయట్లేదు.

స్క్రూ తిప్పి ప్లేటే కొంచెం తెరిచి పెడితే పైకి ఐడిల్ నిలబడినట్టు కనిపిస్తుంది. కానీ మోటరు ఆ ఎక్కువ గాలిని తగ్గించడానికి తన దారి మూసుకుంటూ పోతుంది. కొన్నాళ్లకి పూర్తిగా చివరికి చేరుతుంది. ఆ తర్వాత దాని చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పుడు నువ్వు చెప్పాల్సినవి: లైటు వచ్చినప్పుడు కోడ్ చదివించావా? కాలు పూర్తిగా తీశాక యాక్సిలరేటర్ కేబుల్‌కి కొంచెం లూజు ఉందా, బిగుసుకుని ఉందా? ఎల్పీజీ కిట్ ఏమైనా ఉందా?

ఖమ్మం_స్పార్క్

బాబాయ్ గారూ, థాంక్స్ అండీ. గ్యాస్ కిట్ లేదు. కేబుల్ కొంచెం వదులుగానే ఉంది. ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కోడ్ చదివిస్తే పీ0506 అని వచ్చింది. వాసు బ్రో చెప్పినట్టు థ్రాటిల్ బాడీ కూడా క్లీన్ చేయించాను. మసి బాగానే వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు ఐడిల్ ఇంకా మెత్తగా ఉంది కానీ, వేడెక్కాక ఆగడం మాత్రం పోలేదు.

ట్రిపుల్ఈ_సుధ (కాకినాడ)

పీ0506 అంటే ఉండాల్సినదానికన్నా ఐడిల్ తక్కువగా ఉందని. పీ0507 అయితే ఎక్కువగా ఉందని. పీ0505 వస్తే ఐడిల్ కంట్రోల్ వ్యవస్థలోనే ఏదో తేడా ఉందని. ఈ మూడింట్లో ఏదీ "మోటరు పోయింది" అని చెప్పదు. కంప్యూటర్‌కి కనిపించేది ఫలితమే, కారణం కాదు.

నాకు మాత్రం "చల్లగా బాగుంది, వేడెక్కితే చెడింది" అన్నదే ముఖ్యమైన గుర్తుగా కనిపిస్తోంది. మసే కారణమైతే క్లీన్ చేశాక తగ్గాలి. వేడికి మాత్రమే వచ్చే లోపమంటే నాకు ముందు అనుమానం వచ్చేది ఐడిల్ మోటరు లోపలి తీగ చుట్టలో తెగుదల. చల్లగా ఉన్నప్పుడు తెగిన కొసలు తాకి ఉంటాయి. వేడికి వ్యాకోచించి విడిపోతాయి. మోటరు విప్పి మల్టీమీటర్‌తో చూడగలరా?

దీన్ని బట్టి జరిగేది ఇలా ఉండొచ్చు. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్‌కి ఎక్కువ గాలి కావాలి కాబట్టి మొన వెనక్కి జరిగి ఉంటుంది. వేడెక్కేకొద్దీ కంప్యూటర్ దాన్ని ముందుకు జరిపి దారి సన్నం చేస్తుంది. సరిగ్గా అప్పుడు ఒక చుట్ట తెగితే మోటరు అక్కడే బిగుసుకుపోతుంది. స్టెప్పర్‌కి రెండు చుట్టలూ ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తేనే అడుగు పడుతుంది. ఒక్క చుట్టతో వణుకుతుంది తప్ప కదలదు. మీరు ఏసీ వేసినా, సిగ్నల్ దగ్గర కాలు తీసినా దారి తెరవమని ఆజ్ఞ వెళ్తుంది, మొన మాత్రం కదలదు. ఇంజన్ ఆగిపోతుంది.

ఆటోనగర్_బాబాయ్

సుధమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. తమ్ముడూ, విప్పేటప్పుడు ఇవి గుర్తుపెట్టుకో.

ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ తీసెయ్. మోటరు థ్రాటిల్ బాడీ మీదే ఉంటుంది, నాలుగు తీగల కనెక్టరు, రెండు స్క్రూలు. కింద ఉండే ఓ-రింగు పడిపోకుండా చూసుకో. వాడిన మోటరు మొనని చేత్తో లాగడం, నొక్కడం చేయకు, లోపల మరలు పాడవుతాయి. క్లీనర్‌లో ముంచి నానబెట్టకు, గుడ్డ మీద కొట్టి మొన ఒక్కటే తుడువు. మోటరు విప్పి చేతిలో ఉండగా కనెక్టరు పెట్టి కీ ఆన్ చేయకు, ఎదురుగా ఆనడానికి ఏమీ లేక మొన బయటికి ఊడి వచ్చేస్తుంది.

మీటరు ఓమ్స్‌లో పెట్టి నాలుగు పిన్నుల్లో జతలు వెతుకు. రెండు జతలు మాత్రమే రెసిస్టెన్స్ చూపించాలి. జీఎం (షెవర్లే కంపెనీ) బాపతు ఈ మోటర్లకి ఒక్కో చుట్ట 40 నుంచి 80 ఓమ్స్ మధ్య ఉండాలి, రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒక జతలోంచి ఇంకో జతకి ఏమీ చూపించకూడదు. ఏ పిన్ను నుంచీ లోహపు బాడీకి కూడా చూపించకూడదు.

చల్లగా చూసి ఊరుకోవద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ చూడు.

ఖమ్మం_స్పార్క్

చేశాను. చెల్లెలి హెయిర్ డ్రయ్యర్ తీసుకుని, మోటరుని చెక్క మీద పెట్టి, మీటరు తీగలకి చిన్న క్లిప్పులు తగిలించి చూశాను.

చల్లగా ఒక జత 53, ఇంకో జత 54. జతల మధ్య ఏమీ లేదు. అప్పటికి మోటరు బాగుందనే అనిపించింది. తర్వాత మొదటి జతకి మీటరు పెట్టి వేడి గాలి కొట్టాను. 53, 55, 58 అలా నెమ్మదిగా ఎక్కి 62 దాకా వెళ్లి అక్కడే నిలబడింది. చల్లారాక రెండో జత. 54, 56, 59... 60 పడీ పడగానే తెర మీద ఒక్కసారిగా ఓఎల్ (అంటే తీగ తెగినట్టు)! డ్రయ్యర్ ఆపి కాసేపు ఊరుకుంటే మళ్లీ 57 వచ్చింది. మళ్లీ వేడి చేస్తే మళ్లీ అదే చోట ఓఎల్. వేలితో మోటరు మీద చిన్నగా తట్టినా అంకె ఎగిరెగిరి పడుతోంది.

సుధ మేడమ్, మీరు బండి చూడకుండానే చెప్పేశారు.

ట్రిపుల్ఈ_సుధ

వేడికి రెసిస్టెన్స్ నెమ్మదిగా పెరగడం రాగి తీగ సహజ లక్షణం, అది లోపం కాదు. ఒక్కసారిగా తెగడమే లోపం. మీరు రెండు జతలూ వేడి చేసి చూడటం చాలా మంచిదైంది. బాగున్న చుట్ట పక్కన ఉండటం వల్లే పోయినది అంత స్పష్టంగా తెలిసింది. మోటరు మార్చండి, ఇక అనుమానం అక్కర్లేదు.

వాసు_వరంగల్

అన్నా, ఈ టెస్టు నాకు తెల్వదు. చల్లగా మీటరు పెట్టి "మోటరు మంచిగనే ఉంది" అని తిప్పి పంపే షాపులు ఎన్నో. సేవ్ చేసుకుంటున్న.

హ్యూస్టన్_సివిక్ (టెక్సాస్)

ఇక్కడ చదువుకునేటప్పుడు కొన్న పాత హోండా సివిక్ (1998) నా దగ్గర ఉంది. దానిది ఇంకో రకం. ఐడిల్ వాల్వ్‌కి కూలెంట్ గొట్టాలు కూడా వస్తాయి. రేడియేటర్ మార్చాక ఐడిల్ ఊయల ఊగినట్టు 1000 నుంచి 2000కి, మళ్లీ కిందికి. అందరూ వాల్వ్ మార్చమన్నారు. కూలెంట్‌లో గాలి బుడగ ఉండిపోయిందని తర్వాత తేలింది. హీటర్ ఆన్‌లో పెట్టి, గాలి పూర్తిగా పోయేదాకా కూలెంట్ నింపితే సర్దుకుంది. పాత హోండాలు ఉన్నవాళ్లు వాల్వ్ కొనే ముందు కూలెంట్ లెవెల్ చూసుకోండి.

ఖమ్మం_స్పార్క్

కొత్త మోటరు వేశాం, ఇప్పుడు ఇంకో తలనొప్పి. బండి ఆగట్లేదు, ఏసీ వేసినా ఆగట్లేదు. కానీ ఐడిల్ 1500 దగ్గర నిలబడిపోయింది, దిగట్లేదు. నెల్లూరు అన్న చెప్పినట్టు బ్యాటరీ కూడా తీసి పెట్టాం. మెకానిక్ ఏమో "కొత్త మోటరు డూప్లికేట్, ఇంకోటి తెప్పించండి" అంటున్నాడు. నాకు నమ్మాలో లేదో తెలియట్లేదు.

ఆటోనగర్_బాబాయ్

ఇంకోటి కొనకు! స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లి, ఐడిల్‌లో ఉండగా లైవ్ డేటాలో ఐడిల్ మోటరు స్టెప్పులు ఎన్ని చూపిస్తోందో అడుగు. ఫోనుకి కలిపే చవక బ్లూటూత్ ముక్కలో ఇది మామూలుగా కనపడదు. కంపెనీ డేటా చదివే వర్క్‌షాప్ స్కానర్ కావాలి. దాంతోపాటు కాలు తీసి ఉన్నప్పుడు థ్రాటిల్ శాతం సున్నా చూపిస్తోందో లేదో కూడా చూడమను.

ఎందుకు అడుగుతున్నానంటే, ఆ అంకె ఒక్కటే మోటరు దోషో కాదో చెప్తుంది. ఐడిల్ ఎక్కువగా ఉండి స్టెప్పులు సున్నా దగ్గర ఉన్నాయనుకో, కంప్యూటర్ ఎప్పుడో "మూసెయ్" అని చెప్పేసింది. అంటే గాలి ఇంకెక్కడి నుంచో వస్తోంది. అప్పుడు ఎన్ని మోటర్లు మార్చినా ఐడిల్ దిగదు. అదే స్టెప్పులు బాగా పైన ఉండి, ఐడిల్ మాత్రం తక్కువగా ఉందనుకో, కంప్యూటర్ "తెరువు, తెరువు" అంటోంది, గాలి రావట్లేదు. అప్పుడు మసి, లేకపోతే మోటరు కదలకపోవడం. వేడి ఇంజన్, ఏసీ ఆఫ్‌లో ఆరోగ్యంగా ఉన్న బండి ఈ రెండు చివర్లకీ మధ్యలో ఉంటుంది.

ఇంకో మాట. బిగించే ముందు మొన పొడవు కొలిచారా? కొత్త మోటరు బిగింపు అంచు నుంచి మొన చివరికి 28 మిల్లీమీటర్లు మించి ఉండకూడదు. మించితే కొత్తదాన్ని మాత్రం వేళ్లతో నెమ్మదిగా వెనక్కి నొక్కొచ్చు. అలా చేయకుండా స్క్రూలు బిగిస్తే మొన వెళ్లి లోపల గోడకి గుద్దుకుంటుంది, మోటరు అప్పుడే పాడవుతుంది.

ఖమ్మం_స్పార్క్

కొలిచే బిగించాం బాబాయ్ గారూ, 28 లోపే ఉంది. ఓ-రింగు కూడా కొత్తదే, కొంచెం ఇంజనాయిల్ రాసి పెట్టాం.

ఈరోజు స్కానర్ పెట్టించాను. ఐడిల్ 1480. స్టెప్పులు: 0. థ్రాటిల్ శాతం కూడా సున్నానే చూపిస్తోంది.

ట్రిపుల్ఈ_సుధ

అయితే మోటరు నిర్దోషి. తన దారి పూర్తిగా మూసేసి కూర్చుంది. ఇంకెక్కడో గాలి లోపలికి పోతోంది.

ఒక చిన్న వివరం. ఈ ఇంజన్‌లో లోపలికొచ్చే గాలిని నేరుగా కొలిచే మీటరు లేదు. మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అందుకే ఎక్కడి నుంచి గాలి దూరినా ఒత్తిడి పెరుగుతుంది, దానికి తగ్గట్టు కంప్యూటర్ పెట్రోల్ కూడా పెంచుతుంది, ఐడిల్ నున్నగా ఎక్కువగా నిలబడుతుంది. గాలిని మీటరుతో కొలిచే ఇంజన్లలో ఇదే లీకు మిశ్రమాన్ని పలచన చేసి దడదడలాడిస్తుంది. మీ బండి దడదడ లేకుండా 1500 దగ్గర స్థిరంగా ఉందంటే లీకుకి ఇది సరిపోయే లక్షణమే.

థ్రాటిల్ శాతం సున్నా చూసి ఆ స్టాపర్ స్క్రూ బాగుందనుకోకండి. చాలా కంప్యూటర్లు కాలు తీసినప్పుడు ఎక్కడ ఆగితే దాన్నే సున్నా అనుకుంటాయి.

ఆటోనగర్_బాబాయ్

మొదటి పని, ఆ స్క్రూని పెయింటు గుర్తు దగ్గరికి తిప్పించు. పాత మోటరు పనిచేయనప్పుడు పెంచిన గాలి అది. ఇప్పుడు మంచి మోటరు వచ్చింది కాబట్టి అది అదనం.

రెండోది లీకు వెతకడం. బండి న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ వేసి స్టార్ట్ చేసి, గొట్టాలని ఒక్కొక్కటిగా గుడ్డ చుట్టిన ప్లయర్‌తో మెత్తగా నొక్కు. ఏ గొట్టం నొక్కితే ఐడిల్ పడుతుందో అనుమానం దాని మీద. బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కి పంపేది), పెట్రోల్ ఆవిరి డబ్బా నుంచి పర్జ్ వాల్వ్ ద్వారా వచ్చే గొట్టం, ఈ మూడూ ముఖ్యం. తర్వాత మొక్కలకి కొట్టే స్ప్రే బాటిల్‌తో కీళ్ల దగ్గర, మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర సన్నగా నీళ్లు కొట్టు. లీకున్న చోట నీళ్లు కాసేపు పగులు మూసి ఐడిల్ మారుతుంది. సబ్బు నురగతో ప్రయోజనం లేదు, అక్కడ గాలి లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి బుడగలు రావు. కొంతమంది కార్బ్ క్లీనర్ కొట్టి వెతుకుతారు. వేడి సైలెన్సర్ పక్కన అది మంటే. వద్దు. వైర్ల మీద, కాయిల్ మీద నీళ్లు పడనీయకు. ఫ్యాను దగ్గర చెయ్యి, కండువా, చున్నీ ఏదీ రానీయకు.

మోటరు మార్చేటప్పుడు ఏ గొట్టం కదిలించారో అక్కడి నుంచే మొదలుపెట్టు.

నెల్లూరు_శాంట్రో

అన్నా, సిగ్నల్ దగ్గరికి వస్తూ ఉండగానే ఆగే బండ్లలో స్పీడ్ సెన్సర్ కూడా చూడాలంటారు, నిజమేనా?

ఆటోనగర్_బాబాయ్

నిజమే. బండి ఇంకా దొర్లుతోందా, నిలబడిందా అనే కబురు కంప్యూటర్‌కి స్పీడ్ సెన్సర్ నుంచే అందుతుంది. దొర్లేటప్పుడు ఐడిల్ గాలి కొంచెం ఎక్కువ ఇచ్చే బండ్లు ఉన్నాయి. స్పీడో ముల్లు ఉన్నట్టుండి పడిపోతూ బండి కూడా ఆగుతుంటే ముందు అటు చూడు. ఈ తమ్ముడి బండి నిలబడ్డాక కూడా ఆగేది, పైగా చుట్ట తెగినట్టు మీటరే చూపించింది కాబట్టి ఆ దారి పట్టలేదు.

ఖమ్మం_స్పార్క్

దొరికింది!

వాల్వ్ కవర్ నుంచి మానిఫోల్డ్‌కి వచ్చే పీసీవీ గొట్టం. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. నొక్కితే ఐడిల్ టక్కున దిగింది. విప్పి చూస్తే మానిఫోల్డ్ వైపు క్లిప్పు కింద, వంపు అడుగు భాగంలో పొడవునా చీలిక. రబ్బరు ఎండిపోయి గట్టిపడి ఉంది. వంచితే గోరు దూరేంత తెరుచుకుంటోంది, వదిలేస్తే మళ్లీ మూసుకుపోతోంది. అందుకే ఎవరి కంటా పడలేదు. చీలిక అంచులు ఇంకా తాజాగా ఉన్నాయి, మోటరు కోసం పక్కకి లాగినప్పుడు చీలినట్టుంది.

కొత్త గొట్టం, కొత్త క్లిప్పులు వేశాం. స్క్రూ పెయింటు గుర్తుకి తిప్పించాం. బాబాయ్ గారు చెప్పినట్టే రెండూ కలిసి ఐడిల్ పెంచాయి. స్క్రూ ఒక్కటే తిప్పినప్పుడు 1480 నుంచి 1250కి వచ్చింది, గొట్టం మార్చాకే 920కి దిగింది.

ఇప్పుడు స్కానర్‌లో స్టెప్పులు 24. ఏసీ వేస్తే 40 దాటాయి, ఐడిల్ ఒక్క క్షణం తగ్గి మళ్లీ నిలబడింది. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చాను, మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసుకుని. ఎక్కడా ఆగలేదు. అందరికీ పేరుపేరునా థాంక్స్ అండీ.

ట్రిపుల్ఈ_సుధ

అమ్మగారిని జాగ్రత్తగా చూసుకోండి. ఆ 24, 40 అంకెలు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది ఇదే వేడిలో చూసినప్పుడు 24 కాస్తా 50కి చేరి ఉంటే, బండి ఆగకముందే మళ్లీ మసి పేరుకుంటోందని తెలుస్తుంది.

ఆటోనగర్_బాబాయ్

సంతోషం తమ్ముడూ. కొత్త మోటరు వేశాక మొదటిసారి కీ ఆన్ చేసి అయిదు సెకన్లు ఆగి, ఆఫ్ చేసి పది సెకన్లు ఆగి, అప్పుడు స్టార్ట్ చేయాలి. మొన ఎక్కడుందో కంప్యూటర్ సరిచూసుకుంటుంది. బ్యాటరీ తీసిన ప్రతిసారీ ఇలాగే చెయ్.

గాజువాక_ఐ20 (విశాఖపట్నం)

మంచి చర్చ అండీ. నాది ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండి, యాక్సిలరేటర్‌కి కేబుల్ లేదు. ఐడిల్ కొంచెం ఊగుతోంది. నేను కూడా ఐడిల్ మోటరు విప్పి మీటరు పెట్టి చూడనా?

ఆటోనగర్_బాబాయ్

మీ బండికి విడిగా ఐడిల్ మోటరు ఉండదండీ. థ్రాటిల్ ప్లేటునే మోటరు తిప్పుతుంది, ఐడిల్ కూడా అదే చూసుకుంటుంది. ప్లేటు అంచున మసి ఉంటే తుడిపించి, స్కానర్‌తో ఐడిల్ లెర్నింగ్ చేయించండి. తుడిచేటప్పుడు కీ ఆఫ్‌లో ఉండాలి, ప్లేటుని వేలితో బలంగా నెట్టకండి. లోపల చిన్న ప్లాస్టిక్ గేర్లు ఉంటాయి, అవి విరిగితే థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాల్సి వస్తుంది. లీకు వెతికే పద్ధతి మాత్రం మీకూ ఇదే.